అడగకుండా పూడ్చిన చిల్లు

అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే కుర్చీని అతను వదిలేసి వచ్చాడు. ఆ కుర్చీ అతనికోసం ఒక్కరోజు కూడా ఖాళీగా ఉండలేదు. సెలవు రోజుల్లో సరదాకి చేసుకునే రఫ్ఫు పనే ఇప్పుడతని బతుకుతెరువు. చిల్లుపడిన బట్టని, ఆ బట్ట మడతల్లోంచే లాగిన పోగులతో, అక్కడ చిల్లుండేదన్న ఆనవాలు కూడా లేకుండా తిరిగి అల్లడమే ఆ పని. అక్క అండ చూసుకునో, అక్క పోరు పడలేకో, మెట్లకింద ఒక ఇరుకుగదిలో దుకాణం తెరిచాడు. ఇప్పుడు ఆ దుకాణం గాజుతలుపు అవతల ఒక భారీ మనిషి నిలబడి ఉన్నాడు. ఈమధ్యనే బాగుచేయించుకుని తీసుకెళ్ళిన ఉన్నికోటు అతని చేతిమీదుంది. తలుపు తోయడు, వెనక్కి పోడు. లోపలికి చూస్తున్నాడు, అంతే.

“తలుపుకి తాళం లేదండీ, తోస్తే వస్తుంది!” అని అక్క కేకేసింది.

ఆ మనిషి లోపలికొచ్చాడు. బస్సు డ్రైవరు. అతను రాగానే గది సగానికి సగం తగ్గిపోయినట్టయింది.

“ఏం, జేబు మళ్ళీ ఊడిందా?”

“జేబు బాగుందమ్మా.”

“మరి?”

డ్రైవరు కోటుని బల్లమీద పరిచాడు. ఎడమవైపు కింది అంచు దగ్గర అరచేత్తో నిమిరాడు. “ఇక్కడ చిల్లుండాలి. ఏదండీ?”

అక్క ముఖం విప్పారింది. దుకాణం తెరిచినప్పట్నించీ ఆవిడకున్న పెద్ద బెంగ ఒక్కటే. కనపడకపోవడమే గొప్పయిన పనిని కనపడేలా ఎలా పెట్టడం? ఒక పాతకోటుని గాజుతలుపు లోపలివైపు వేలాడదీసి, ‘ఇక్కడ చిల్లు ఉండేది’ అని బాణంగుర్తుతో కాగితం అంటిస్తే, దారినపోయేవాళ్ళు ఆగి చదివి, నవ్వుకుని, ఇదేదో బురిడీ అనుకుంటూ పోయారు. ఇప్పుడొకాయన తనంతట తనే వచ్చి చిల్లేదని అడుగుతున్నాడు!

“విన్నావురా తమ్ముడూ! చిల్లు ఏదీ అంటున్నాడు! అదేనండీ మావాడి చెయ్యి. భూతద్దం పెట్టి వెతికినా దొరకదు.”

“వెతికిందమ్మా. మా పాప. మొన్నట్నించీ వెతుకుతూనే ఉంది.”

అతను చెప్పిన తీరుకి అక్క తమ్ముడి వైపు చూసింది.

బల్లవెనక కూర్చున్న తమ్ముణ్ణి అచ్చాఫీసులో అందరూ దిద్దుబాటు అనేవాళ్ళు. అసలు పేరుతో పిలిస్తే అతనే ఒక క్షణం ఆలస్యంగా పలికేవాడు. ఆ దిద్దుబాటు చేతిలో సూది ఆగిపోయింది. డ్రైవరు ఏ చిల్లు గురించి మాట్లాడుతున్నాడో అతనికి తెలుసు.

జేబు పని అయిపోయాక, కోటుని మడతపెట్టబోతూ అంచు సవరిస్తుంటే బొటనవేలికి తగిలింది. నాలిక పంటిసందులోకి పోయినట్టు వేలు తనంతట తనే అందులోకి పోయింది. ఎవరూ అడగలేదు. చీటీమీద ‘జేబు’ అనే ఉంది. కానీ పేజీ నిండా తప్పులు దిద్ది, ఆఖరి పంక్తిలో ఒకదాన్ని చూసి కూడా వదిలెయ్యమంటే అతనివల్ల అయ్యే పని కాదు. మడతలోంచి పోగులు లాగాడు, చిల్లు అంచున నలిగి పైకి లేచిన నూగుని శుభ్రంగా కత్తిరించాడు, పడుగు పట్టాడు, పేక నడిపాడు. తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేశాక వేలితో తడిమితే ఏమీ తగల్లేదు. ఆ ఏమీ తగలకపోవడంలో ఉండే సుఖం కోసమే కదా కుర్చీ వదులుకుని వచ్చింది.

ఎవరికీ చెప్పలేదు. కొసరు అనుకున్నాడు. ఆ రోజు మొదలు మనసులో ఒక చిన్న బొమ్మ ఆడుతూనే ఉంది: డ్రైవరు ఎక్కడో కోటు తొడుక్కుంటూ అంచు చూసుకుంటాడు, ఆశ్చర్యపోతాడు, తనలో తను నవ్వుకుంటాడు. ఆ బొమ్మలో డ్రైవరు ముఖం ఇలా లేదు.

“నేనే,” అన్నాడు దిద్దుబాటు. “జేబుతోపాటు అదీ... చేశాను. డబ్బుల కోసం కాదు.”

“జేబొక్కటే అన్నాను కదా మాస్టారూ.”

అన్నాడు. ‘జేబొక్కటే చాలు’ అన్నాడు. దిద్దుబాటుకి అది మొహమాటంగా వినిపించింది.

“పాప మాట్లాడదండీ,” అన్నాడు డ్రైవరు, బల్లని చూస్తూ. “ముట్టుకోనివ్వదు. వాళ్ళమ్మని కూడా. చెయ్యి పట్టుకున్నామంటే అరుపులు, తల గోడకేసి కొట్టుకోవడం. ఇంక రోడ్డు దాటించేదెట్లా? ఒకరోజు దానంతట అదే వచ్చి, నా కోటు చిల్లులో వేలు పెట్టింది. అంతే. ఆ వేలు అందులో ఉంటే ఎక్కడికంటే అక్కడికి వస్తుంది. మెట్లు దిగుతుంది, రోడ్డు దాటుతుంది, బడికి పోతుంది. ఎండాకాలం కూడా ఈ ఉన్నికోటు వేసుకు తిరుగుతానని డిపోలో నన్ను ఎలుగుబంటి అంటారు.”

అక్క నవ్వబోయి మానేసింది.

“ఇప్పుడో?”

“ఇప్పుడు గుమ్మం దిగదు. కోటు చూపిస్తే వస్తుంది. అక్కడ తడుముతుంది, తడుముతుంది... తర్వాత నన్ను చూస్తుంది. అదెప్పుడూ ఎవరి ముఖమూ చూడదమ్మా. నన్నిప్పుడు చూస్తోంది.”

అక్క తమ్ముడి వైపు తిరిగింది. “కందకి లేని దురద కత్తిపీటకెందుకురా?” అంది పళ్ళబిగువున. అంతలోనే రక్తసంబంధం అడ్డొచ్చి డ్రైవరు మీదికి మళ్ళింది. “అయినా మీరైనా అంత ముఖ్యమైతే ఒక్కమాట చెప్పొద్దూ?”

“చిల్లు పూడ్చొద్దని ఎవరైనా చెప్తారామ్మా?”

అక్క కోటుని తమ్ముడి వైపు తోసింది.

“విప్పేస్తాను,” అన్నాడు దిద్దుబాటు.

“ఆఁ, అల్లినవాడికి విప్పడమెంతసేపు! మీరు కూర్చోండి,” అంటూ అక్క స్టూలు జరిపింది. డ్రైవరు కూర్చోలేదు.

దిద్దుబాటు దీపం కిందికి దించి, కంటికి భూతద్దం పెట్టుకుని అంచుమీదికి వంగాడు. చూశాడు. కొంచెం పక్కకి జరిపి చూశాడు. కోటు తిప్పాడు. తను చేసిన పని తనకే కనపడటం లేదు.

“ఏమిట్రా?”

“ఆగు.”

లోపలి అస్తరు కుట్లు ఊడదీసి వెనకవైపు నుంచి వెతికితే, పోగుల కొసలు ఉన్నాయా లేవా అన్నట్టు కనిపించాయి. సూదిమొనతో ఒక్కొక్కటీ ఎత్తి లాగడం మొదలుపెట్టాడు. డ్రైవరు ఊపిరి అతని చెవిదగ్గరే వినపడుతోంది. అచ్చాఫీసులో కొట్టేసిన మాటని మళ్ళీ నిలబెట్టాలంటే దానికింద చుక్కలు పెట్టి, పక్కన ‘ఉంచు’ అని రాసేవాడు. అంతే, మాట బతికేది. కొట్టేశాక కూడా మాట గీతకింద అలాగే ఉంటుంది గనక. బట్టలో అలా ఉండదు. కత్తిరించిన నూగు ఆ రోజే చీపురుతో పోయింది.

చివరి పోగు వచ్చేసింది. చిల్లు బయటపడింది. చదరంగా, నలువైపులా నీటుగా, గోడకి పెట్టిన కిటికీలాగా ఉంది.

“ఇది కాదు,” అన్నాడు డ్రైవరు.

“తెలుసు.”

“అది గుండ్రంగా ఉండేది. అంచు మెత్తగా... చెవితమ్మెలాగా.”

దిద్దుబాటు కళ్ళు మూసుకుని ఆ పాత చిల్లుని గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాడు. ఎంత వెడల్పు? ఏ పక్క ఎక్కువ అరిగింది? ఏమీ రాలేదు. అతను దాన్ని చూసిందెక్కడ? పూడ్చవలసిన చోటుగా చూశాడు, అంతే. ఒక పసిదాని వేలు రోజూ తిరిగి తిరిగి మెత్తబరిచిన అంచు అతనికి నూగులాగా కనిపించింది. ఇన్నేళ్ళూ ఎన్నిటినలా చూసి ఉంటాడో! ఆ ఆలోచన వచ్చిన తలుపులోంచే దాన్ని బయటికి నెట్టేశాడు. ఇప్పుడు దానికి సమయం కాదు.

“పెన్సిలు పెట్టి తిప్పరా, గుండ్రమవుతుంది,” అంది అక్క.

తిప్పాడు. అంచుని గోటితో గీరాడు, తడిచేసి నలిపాడు. చిల్లు చిల్లులాగే అయింది. కానీ ముసలివేషం కట్టిన కుర్రవాడిలాగుంది. ఎక్కడ తేడాయో చెప్పలేం, తేడా మాత్రం తెలుస్తూనే ఉంది.

“చూద్దాం,” అన్నాడు డ్రైవరు. “ఇల్లు పక్కవీధిలోనే. తీసుకొస్తాను.”

తీసుకురావడమంటే మోసుకురావడమే. తిరిగొచ్చేసరికి అతని మణికట్టు మీద పళ్ళగుర్తులు ఎర్రగా తేలి ఉన్నాయి, చొక్కా బొత్తాం తెగి వేలాడుతోంది. పాపని నేలమీద దించగానే ఆ పిల్ల గోడకి అతుక్కుపోయింది. బక్కపలచగా ఉంది. బడికి పోయే వయసు. జుట్టు కళ్ళమీద పడుతున్నా తోసుకోదు. ఎవర్నీ చూడటం లేదు. అయితే గదిలో ఉన్న ప్రతి ఒక్కరి కదలికా ఆమె భుజాలకి తెలుస్తున్నట్టుంది.

డ్రైవరు ఏమీ మాట్లాడకుండా కోటు తొడుక్కుని, కోటు ఎడమ అంచు ఆమె చేతికందేలా నిలబడ్డాడు. ఎన్నిసార్లు నిలబడితే అంత సరిగ్గా నిలబడటం వస్తుందో!

పాప తల తిప్పలేదు. చెయ్యి ఒక్కటే లేచింది. చూడకుండానే సరిగ్గా ఆ చోటికి వెళ్ళింది. చూపుడువేలు లోపలికి పోయింది.

అక్క రెండుచేతులూ నోటిమీద పెట్టుకుంది.

వేలు ఉంది. ఉంది. దిద్దుబాటుకి తన గుండె చప్పుడు పళ్ళలో వినిపించింది. ఉండనీ, అనుకున్నాడు. ఎవర్ని వేడుకుంటున్నాడో తెలీదు. ఉండనీ.

వేలు బయటికొచ్చింది. పాప దాన్ని వాసన చూసింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసింది. తర్వాత నిదానంగా నేలమీద కూర్చుని, బల్లకాలికేసి నుదురు కొట్టుకోవడం మొదలుపెట్టింది. గట్టిగా కాదు. మూసిన తలుపుని మర్యాదగా తట్టినట్టు. ఏడిస్తే బాగుండేది.

డ్రైవరు కోటు విప్పి బల్లమీద పెట్టాడు. అతనికి కోపం రావాలని దిద్దుబాటు ఎదురుచూశాడు. కోపమొస్తే తలొంచుకోవచ్చు, క్షమించమనొచ్చు, చేయడానికేదో ఒకటుంటుంది.

“తప్పు చేశారనడానికి కూడా నోరు రావట్లేదు మాస్టారూ,” అన్నాడు డ్రైవరు. “మంచిపనే చేశారు. ఎవర్నడిగినా అదే అంటారు.”

జేబులో ఫోను మోగింది. అవతలి గొంతు గదిలో అందరికీ వినపడింది. డిపోలో బండి నిలబడి ఉంది, జనం అరుస్తున్నారు, ఎలుగుబంటి ఎక్కడ చచ్చాడు? “వస్తున్నానండీ” అని అతను రెండుసార్లన్నాడు. ఫోను పెట్టేసి పాపని చూశాడు, తన మణికట్టు చూసుకున్నాడు.

“మళ్ళీ ఎత్తుకెళ్ళే ఓపిక లేదమ్మా. నాకు కాదు, దానికి. వాళ్ళమ్మ ఆసుపత్రిలో డ్యూటీ దిగి ఇటే వస్తుంది. ఫోను చేసి చెప్తాను. అందాకా ఇక్కడే ఉండనివ్వండి.”

“ఉండనీ నాయనా, ఉండనీ. నువ్వెళ్ళు.” అక్క ఏకవచనంలోకి దిగిందంటే మనిషిని సొంతం చేసుకున్నట్టే.

“ఒక్కటే చెప్పేది. ఏం చేసినా సరే, చెయ్యి మాత్రం పట్టుకోకండి.”

కోటు లేకుండా, చొక్కామీదే వెళ్ళిపోయాడు. కోటు లేకపోతే మామూలు మనిషంతే ఉన్నాడు.

అక్క ఒక తువ్వాలు మడిచి, పాప నుదుటికీ బల్లకాలికీ మధ్య మెల్లగా పెట్టింది. చప్పుడు ఆగింది. చప్పుడు లేకపోవడం నచ్చలేదేమో, పాప కొట్టుకోవడం మానేసి లేచి నిలబడింది. బల్లమీది కోటు దగ్గరికొచ్చింది. అంచుమీద పెట్టిన వేలు, గుడ్డివాడి చేతికర్రలాగా, ముందుకి పోవడం మొదలుపెట్టింది. కొత్త చిల్లుని దాటేసింది. పైకి పాకి జేబు మూల దగ్గర ఆగింది.

అక్కడ దిద్దుబాటు చేసిన పని ఉంది. అడిగి చేయించుకున్న పని. కంటికి కనపడదు.

వేలు అక్కడే తిరిగింది. నొక్కింది. రఫ్ఫులో ముడులుండవు. పోగుకి పోగే పట్టు. ఓపికున్న వేలికి అది తలుపు తీస్తుంది. పాపకి ఓపికుంది. పోగులు ఒక్కొక్కటే పక్కకి తప్పుకున్నాయి, వేలు దిగబడింది.

“ఓరి నాయనో,” అంది అక్క.

వేలు బయటికొచ్చింది. అదీ కాదు. పాప ఇటు తిరిగింది. గోడవార ఇనపకడ్డీకి ఈ వారం అయిపోయిన బట్టలు వరసగా వేలాడుతున్నాయి. వాటి సొంతదారులు ఈ సాయంత్రం ఒక్కొక్కరే వచ్చి తీసుకెళ్ళవలసినవి. మొదట బూడిదరంగు శాలువా. పాప కళ్ళు మూసుకుంది. వేలు శాలువా పొడుగునా దిగింది, ఎక్కడా ఆగలేదు. సరిగ్గా అల్లిక దగ్గరే ఆగింది.

ఆ చోటు కనిపెట్టాలంటే దిద్దుబాటుకి దీపం కావాలి, భూతద్దం కావాలి, వెనకవైపు తిప్పాలి. తప్పులేని పేజీని చదివినవాడు దిద్దినవాణ్ణి తలుచుకోడు. ఆ పనిలో రూలే అది. ఈ పనిలోనూ అంతే. ఇన్నేళ్ళలో అతని పనిని చదివిన మొదటి మనిషి ఈ పిల్ల. చదువుతూ చదువుతూ చింపేస్తోంది.

“ఆపరా! చెయ్యి పట్టుకో!”

“పట్టుకోవద్దన్నాడు.”

“అయితే బట్టలైనా తీసెయ్! కొంప మునుగుతుంటే బొమ్మలా నిలబడతావేం?”

అతను కదలకపోయేసరికి ఆవిడే వెళ్ళి శాలువాని హ్యాంగరుతో సహా లాగింది. పాప వేలు గాల్లో మిగిలిపోయింది. ఆ మరుక్షణం నుదురు గోడకి తగిలిన చప్పుడు! ఈసారి తలుపు తట్టినట్టు కాదు, తలుపు పగలగొట్టినట్టు. ఇంకోసారి. అక్క శాలువాని తేలుకుట్టినట్టు వదిలేసి, మళ్ళీ కడ్డీకి తగిలించేసింది.

“సరే తల్లీ, సరే. చూసుకో. చూసుకో అమ్మా.”

పాప చూసుకుంది. శాలువా తెరుచుకుంది. అదీ కాదు. పక్కన గోధుమరంగు కోటు. మోచేతి దగ్గర ఆగి, నొక్కి, తెరిచి, వదిలేసింది. అదీ కాదు. అక్క స్టూలుమీద కూలబడి కొంగుతో ముఖం కప్పుకుంది. దిద్దుబాటు మనసులో రెండు గొంతుకలు మాట్లాడుతున్నాయి. ఇక చాలు అంటోంది ఒకటి. దాన్ని అతను గుర్తుపట్టాడు. బతుకుతెరువు గొంతు అది. రెండోది, తర్వాతి దాన్ని కూడా పట్టుకుంటుందా, అని ఊపిరి బిగబట్టి అడుగుతోంది. దాన్ని గుర్తుపట్టడానికి అతనికి భయమేసింది.

తర్వాతిది నల్లని పొడుగుకోటు. చాలా పాతది. ఎంత పాతదంటే దాని ఉన్ని పట్టులాగా నునుపెక్కింది. వయొలిన్ వాయించే పెద్దాయనది. పురుగు కొట్టిన చిల్లొకటి అంచుకి కాస్త పైన ఉంటే, నిన్నంతా కూర్చుని పూడ్చాడు. ఆ చిల్లు అంచులు మాత్రం కత్తిరించలేదు. అంత సన్నబడ్డ బట్ట కత్తెర తగిలితే నిలవదని, ఉన్నవాటిని ఉన్నట్టే లోపలికి మడిచి అల్లాడు.

వేలు దిగింది, ఆగింది, నొక్కింది. పోగులు తప్పుకున్నాయి. మడిచిన పాత అంచులు విచ్చుకుని వేలి చుట్టూ సర్దుకున్నాయి.

పాప వేలు తీయలేదు.

భుజాలు దిగాయి. నోరు కొంచెం తెరుచుకుంది. ఊపిరి పెద్దగా ఒకటి వచ్చి, తర్వాత మామూలుగా నడిచింది. నుదుటి మీద లేచిన బొప్పి తప్ప, ఇప్పుడామె ఎవరి పిల్లయినా కావచ్చు.

“ఏమైందిరా?” అంది అక్క కొంగులోంచి.

“దొరికింది.”

పాప కోటుని ఒకసారి లాగింది. కొద్దిగానే. ఆగి, మళ్ళీ లాగింది. దిద్దుబాటుకి అర్థమైంది. కోటంటే ఆమె లెక్కలో వేలాడేది కాదు, నడిచేది. నడవమంటోంది.

అతను చెయ్యి చాచి హ్యాంగరు దించాడు, వేలు జారకుండా, నెమ్మదిగా. ఒక చేతిని తొడిగాడు. మంచిదో చెడ్డదో ఆలోచించే చోటు బుర్రలో మిగల్లేదు. రెండో చెయ్యి తొడుగుతుంటే అక్క కొంగు తీసి చూసి, “అది ఆయన కోటురా! ఇవాళ కచేరీ ఉందన్నాడు!” అంది. పరాయివాడి భుజాల ఆకారం తన భుజాలమీద కూర్చుంది. అతను ఒక అడుగు వేశాడు.

పాప కూడా వేసింది.

ఇంకో అడుగు. ఇంకోటి. బల్లచుట్టూ, అక్క మోకాళ్ళ పక్కనుంచి, తలుపు వైపు. వెనక కోటు అంచున అంతంతమాత్రపు బరువు. ఇన్నేళ్ళ బతుకులో తనని నమ్ముకుని ఎవరైనా నడిచారా అన్నది అతనికి గుర్తు రాలేదు.

గాజుతలుపు బయటినుంచి తెరుచుకుంది. వయొలిన్ పెట్టె చేత్తో పట్టుకుని, కచేరీకి తయారై, మెడకి రుమాలు కట్టుకున్న పెద్దాయన గుమ్మంలో నిలబడ్డాడు. తన కోటునీ, అందులో ఉన్న మనిషినీ ఎగాదిగా చూశాడు. వెనకున్న పిల్ల ఆయనకి కనపడలేదు.

“భలే సరిపోయిందే మీకు!” అన్నాడు నవ్వుతూ. పెట్టె కింద పెట్టి, రెండుచేతులూ ముందుకి చాచాడు. “ఇక విప్పండి మరి. నాకు ఆలస్యమవుతోంది.”